రెండు సెకన్లు

మూడో రోజు కూడా పడవ రాలేదు.
జలసంధి మీంచి వచ్చే గాలి
పోర్వెనీర్ ఊరి రేకులన్నీ ఒక్కొక్కటే లాగి చూస్తోంది,
ఏది వదులైందా అని.

ఎదువినా ఓయార్సో భుజంతో తలుపు నెట్టుకుని వచ్చింది.
చంకలో పిండి సంచి, సంచిలో లాప్‌టాప్.
ఏడేళ్లు ఆమె కొట్టులో గల్లాపెట్టె పక్కన బతికింది అది.
మీటల సందుల్లో పంచదార,
మూత మీద గ్యాస్ కంపెనీ స్టిక్కరు.

"నత్తలా నడుస్తోంది. సిస్టమ్ మళ్లీ కొత్తగా వెయ్యి.
ముందు లోపలున్నదంతా తుడిచెయ్యి."
కాపీ తీసిపెట్టనా అన్నాను.
"అంతా అంటే అంతా."

లోపలేముందో నాకు తెలుసు.
ఊళ్లో తెలియనిదెవరికి?
పీతలు పడని రెండు చలికాలాలు
అందరూ ఆ కొట్టు మీదే తిన్నారు.
పిండి, నూనె, టీ ఆకు, గ్యాస్ బండలు,
ఒక్కో పడవకి ఒక్కో వరుస,
మునిగిపోయిన పడవకి కూడా.
పదిహేడో వరుస నాది:
నాలుగు బండలు, ఒక జత రబ్బరు బూట్లు.

ఆమె ఆ సంగతి ఎత్తలేదు.
నేనూ స్క్రూడ్రైవర్ వెతుకుతున్నట్టు తలొంచుకున్నాను.

పాత డిస్కులైతే వేరు.
గోడకి సున్నం కొట్టినట్టు
రాత్రంతా సున్నాలు కొట్టేవాణ్ణి,
ఒక పూత ఆరాక ఇంకో పూత.
ఇది అలా లొంగదు.
ఇక్కడ రాయమంటే అక్కడ రాస్తుంది,
ఏ గదీ ముందుగా అరిగిపోకూడదని
తనలో తానే చోట్లు మారుస్తుంది.
పైన ఎన్ని పూతలు వేసినా
మనకి చూపించని మూలలో పాత అంకె ఒకటి మిగిలిపోవచ్చు.
కాబట్టి దాన్నే అడగాలి.
మరిచిపో అంటే, తనంతట తనే మరిచిపోవాలి.

పెన్‌డ్రైవ్ గుచ్చి, నల్ల తెర తెరిచి, అడిగాను.
ఫ్రోజెన్, అంది.
గడ్డకట్టి ఉన్నాను, ఇప్పుడు ముట్టుకోకు.
జూలైలో ఈ ఊరి కుళాయిలు చెప్పే మాటే.

"ఏమంటుంది?"
"ఒకసారి నిద్రపుచ్చి లేపాలి. అప్పుడు గానీ ఒప్పుకోదు."
మనుషుల్లాగే అంటుందేమో అనుకున్నాను.
అనలేదు. కుర్చీ లాక్కుని
పొయ్యి దగ్గర చేతులు కాచుకుంది.

మూత దించాను.
చిన్న దీపం, వెలుగుతూ, ఆరుతూ.
చెప్పాల్సింది ఆ నిమిషంలోనే:
ఆ నాలుగు బండలూ, బూట్లూ, పడవ రాగానే, స్కూలు వాళ్ల డబ్బు అందగానే...
నోటిదాకా వచ్చింది.
"టీ పెట్టనా?" అన్నాను.
"పెట్టు."

మూత ఎత్తాను. మళ్లీ అడిగాను. సరేనంది.
ఎంటర్ కొట్టాను.
రెండు సెకన్లు.
కెటిల్ ఇంకా గుయ్యిమనలేదు.
అన్ని గదుల్లోనూ ఒక్కసారే
ఏడేళ్లుగా పట్టుకున్న పిడికిళ్లు విడిచాయి.

"అయిపోయిందా?"
"అయిపోయింది."
"చప్పుడేం రాలేదే."
నమ్మలేదు. దగ్గరికొచ్చి కళ్లజోడు పెట్టుకుంది.
సున్నాలు చూపించాను, కిందికి, ఇంకా కిందికి.
ఒక్కటి మాత్రం చెరగలేదు, అది చెరగదు,
డ్రైవు తన గురించి తాను రాసుకున్న లెక్క:
మెలకువగా ఉన్న గంటలు, పంతొమ్మిది వేల రెండొందల నాలుగు.
చెప్పాపెట్టకుండా కరెంటు పోయిన సార్లు, మూడొందల పదకొండు.

"ఇదీ పద్దు రాస్తుందన్నమాట."
"తీసెయ్యడం కుదరదు."
"ఉండనీ. అది దాని కష్టం."

కొత్త సిస్టమ్ ఎక్కుతూ పేరడిగింది.
రెండు వేళ్లతో కొట్టింది, ఒక అక్షరం పోయింది,
దిద్దబోతే వద్దంది.

ఎంత అని అడిగింది.
డబ్బేం వద్దన్నాను, నా చెవులు కాలాయి.
"నేను అప్పు పెట్టను" అని
నోట్లు లెక్కపెట్టి, చిల్లర కోసం చెయ్యి చాపి నిలబడింది.
ఇచ్చాను. అదీ లెక్కపెట్టుకుంది.

సంచి చంకలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ
నా కాళ్ల వైపు చూసింది.
అవే బూట్లు.
"కుడిదాని మడమ అరిగినట్టుందే" అంది.

తలుపు నేను వెయ్యలేదు.
గాలే లాక్కుంది.